కోర్టువారి జుట్టు

మనిషి తలమీద మొలిచిన జుట్టు ఎవరిది? ఈ సందేహం నన్ను చాలా ఏళ్లుగా పట్టుకుని ఉంది.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ని. ధర్మసూక్ష్మాలు నాకు తెలియవు. పొద్దున్నే స్నానం చేసి దేవుడి గూట్లో దీపం పెట్టడం, కిరాణా కొట్టు తాళం తీయడం, సాయంత్రం మళ్లీ దీపం పెట్టడం, ఇంతే నా బతుకు. నా తలమీది జుట్టు నాదేనని సగం వయసు దాకా అనుకున్నాను. తర్వాత మా ఆవిడ అది దేవుడిదంది. ఆ తర్వాత ప్రభుత్వం అది తనదంది. ఆ ఇద్దరితోనూ వాదించి నెగ్గినవాడు మా ఊళ్లో లేడు. మా మంగలి పోతురాజుని అడిగితే, "ఎవరిదైతే నాకేంటండీ, కత్తెర పెట్టనిస్తే చాలు" అన్నాడు. వాడి బాధ వాడిది.

సంగతి మొదటినుంచీ చెబుతాను.

మా ఆవిడ భ్రమరాంబకి కడుపులో గడ్డ లేచింది. పట్నంలో ఆపరేషన్. ఆ గది బయట బల్లమీద కూర్చుని ద్వారకా తిరుమల చినవెంకన్నకి మొక్కుకున్నాను. "స్వామీ, ఈ మనిషిని నాకు తిరిగి ఇప్పించు. ఏడాదిపాటు కత్తెర తగలనివ్వకుండా జుట్టు పెంచి నీకు సమర్పించుకుంటాను." ఆయన మాట నిలబెట్టుకున్నాడు. భ్రమరాంబ లేచి నడుచుకుంటూ ఇంటికొచ్చి, వచ్చిన పూటే కందిపప్పు డబ్బాకి మూత సరిగ్గా పెట్టలేదని నన్ను తిట్టింది. ఇక మిగిలింది నా వంతు.

ఏడాది తిరిగేసరికి జుట్టు భుజాల మీద పడింది. నల్లగా, ఒత్తుగా, కొబ్బరినూనె రాస్తే మెరిసేది. కొట్టుకొచ్చినవాళ్లు బెల్లం తూచమనడం మానేసి జుట్టు చూసేవారు. శనివారం కొండకి బయల్దేరాలని నిశ్చయించుకున్నాం. గురువారం పొద్దున కొట్టు డబ్బు కట్టడానికి సొసైటీకి వెళ్లాను. మా ఊరి సహకార పరపతి సంఘాన్ని అందరం సొసైటీ అనే అంటాం.

గుమ్మంలో కాపలాదారు ఏసుపాదం. తాటిచెట్టంత మనిషి. భుజాన తుపాకీ. అందులో తూటాలు ఉండవని మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తుపాకీ కొనడానికి పాలకవర్గం తీర్మానం చేసింది. తూటాలకి వేరే తీర్మానం కావాలట. అది వచ్చే సమావేశంలో పెడతామన్నారు. ఏసుపాదం ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆ సమావేశం వచ్చేదిగానే ఉంది.

"ఏం మూలస్వామి గారూ, ఎల్లుండేనా సామికి అప్పజెప్పేది?" అన్నాడు.

"ఎల్లుండే."

"ఇంత మంచి జుట్టు ఆయనేం చేసుకుంటాడండీ? మా ప్రభువుని చూడండి, తనది తనే పెంచుకున్నాడు. ఒకళ్లని అడగడు."

"మా స్వామికి ఒకప్పుడు తలమీద దెబ్బ తగిలి కొంత ఊడిందయ్యా. అందుకని అడుగుతాడు."

"అయ్యో పాపం, అలాగైతే ఇచ్చెయ్యండి." పకపకా నవ్వాడు. "కానీ నా పులిహోర పొట్లం మాత్రం మర్చిపోకండి. పోయినసారి తెస్తానని చెప్పి చేతులూపుకుంటూ వచ్చారు. బాకీ ఉంది."

"ఈసారి రెండు తెస్తాను."

"ఒకటి చాలు. మా ఆవిడ కరుణ ప్రసాదాలు ముట్టదు. రెండోది కూడా నేనే తింటే గుమ్మంలో నిలబడలేను."

ఆ మాట అని నాకు తలుపు తీశాడు. నేను కౌంటరు దగ్గర నిలబడ్డాను. నా వెనకే గుమ్మంలో ఏసుపాదాన్ని తోసుకుని, ముఖానికి జేబురుమాలు కట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. చేతిలో నాటు పిస్తోలు. పేరు సన్నిబాబు అని తర్వాత తెలిసింది. "డబ్బు సంచీలో వెయ్యండి" అని అరిచాడు. ఉక్కకి రుమాలు జారిపోతుంటే ఒక చేత్తో దాన్ని పట్టుకుంటున్నాడు, రెండో చేత్తో పిస్తోలు ఊపుతున్నాడు. క్యాషియరు బల్లకిందికి దూరాడు. నేను అటు తిరిగి నిలబడిపోయాను. ఏసుపాదం లోపలికి పరుగెత్తుకొచ్చాడు. ఖాళీ తుపాకీని కర్రలా తిప్పి పట్టుకుని, రెండో చేత్తో నా నెత్తి పట్టుకుని "వంగండి!" అని కిందికి నొక్కాడు. పిస్తోలు పేలింది. తూటా నా జుట్టులోంచి దూసుకుపోయి ఏసుపాదం గొంతుకింద తగిలింది.

ఆయన పడిపోతూ కూడా నా మీద పడకుండా పక్కకి ఒరిగాడు. అంబులెన్సు వచ్చేసరికి ప్రాణం లేదు, అది ఖాళీగానే వెళ్లిపోయింది.

సన్నిబాబు బయటికి పరుగెత్తి మోటారుసైకిలు ఎక్కాడు. అందులో పెట్రోలు లేదు. దోపిడీకి వచ్చేవాడు పెట్రోలు పోయించుకుని రావాలి కదా అని మా క్యాషియరు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాడు. సంతలో జనం వాణ్ని చేతిలో పిస్తోలుతో సహా పట్టుకున్నారు. "నేనే కాల్చాను, కొట్టకండి బాబూ, నేనే కాల్చాను" అని వాడు సంతంతా వినపడేలా ఒప్పుకున్నాడు.

మామూలు రోజుల్లో అయితే కేసు అక్కడితో తేలిపోయేది. కానీ మా ఇన్‌స్పెక్టరు గారు సరిగ్గా ముందువారమే రాజధానిలో శాస్త్రీయ దర్యాప్తు మీద శిక్షణ పొంది వచ్చారు. కొత్త సంచి, కొత్త చేతిగ్లవ్సులు, కొత్త కొలత టేపు. చూసినవాళ్లు చెబుతామని ముందుకొస్తే వెనక్కి నెట్టేశారు.

"సాక్షులు అబద్ధమాడవచ్చు. ముద్దాయి భయపడి ఒప్పుకోవచ్చు. వస్తువు మాత్రం అబద్ధమాడదు. ఇకనుంచి మన స్టేషనులో మనుషుల మాట వినబడదు, వస్తువుల మాటే వినబడుతుంది" అని ప్రకటించారు.

అప్పుడు ఆయన కళ్లు నా తలమీద పడ్డాయి. జుట్టులో ఒక గీత మేర కాలి, కమిలి, పాపిడి తీసినట్టు దారి పడి ఉంది.

"కదలకండి!" అని అరిచారు. సన్నిబాబు అరుపు కంటే ఆ అరుపుకే నేనెక్కువ భయపడ్డాను. టేపుతో కొలిచారు. నాలుగు వైపులనుంచీ ఫొటోలు తీశారు. "అద్భుతం. తూటా ప్రయాణమార్గం చెక్కుచెదరకుండా నమోదై ఉంది. ఇది కేసు సొత్తు. స్వాధీనం చేసుకోండి."

హెడ్ కానిస్టేబులు సింహాద్రి కత్తెర తీశాడు.

"కత్తిరిస్తావా? మార్గం చెదిరిపోదూ? అది ఉన్నచోటే ఉండాలి. యథాస్థానంలో, యథాతథంగా."

సింహాద్రి అనుభవజ్ఞుడు. "అయితే సార్, సొత్తుల గదిలో పెట్టాలంటే ఈయన్ని కూడా పెట్టాలి. ఈయన భోజనం ఏ పద్దులో రాయమంటారు?"

ఇన్‌స్పెక్టరు గారు ఆలోచనలో పడ్డారు. శిక్షణలో ఆ పాఠం చెప్పలేదనుకుంటాను. చివరికి నా జుట్టులో ఒక పాయకి దారం కట్టి, దానికి అట్టముక్క తగిలించి, 'సొత్తు నంబరు తొమ్మిది' అని రాసి, దారం ముడిమీద లక్క సీలు వేసి, నన్ను కోర్టుకి పంపారు. అవతల ఏసుపాదాన్ని దుప్పటి కప్పి ఆటోలో ఎక్కిస్తున్నారు. ఆయనకి నంబరు లేదు.

కోర్టులో నా జుట్టుని నాకే తాత్కాలికంగా అప్పగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. బంట్రోతు చదివాడు. "సదరు జుట్టును సదరు మూలస్వామి తన సొంత ఖర్చులపై తన తలయందే భద్రపరచవలెను. కత్తిరించరాదు, గొరగరాదు, రంగు వేయరాదు, అన్యాక్రాంతం చేయరాదు. మార్గమునకు భంగము కలుగు రీతిలో నూనె రాయరాదు. పిలిచినప్పుడల్లా జుట్టును, వీలైనచో మూలస్వామిని, హాజరుపరచవలెను."

ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. పోతురాజు ముందుకొస్తే, మంగలివాడు గనక ఈ వ్యవహారంలో స్వప్రయోజనం కలవాడని తోసిపుచ్చారు.

నేను చేతులు జోడించాను. "అయ్యా, ఇది అప్పటికే స్వామివారికి మొక్కేసిన జుట్టండి. శనివారం ఇచ్చెయ్యాలి."

మేజిస్ట్రేటు గారు కాగితాలు తిరగేశారు. "స్వామివారి తరఫున అభ్యంతరం దాఖలైందా?"

"లేదండి."

"అయితే వారికి అభ్యంతరం లేదని భావించడమైనది."

బయటికొచ్చాక ప్రభుత్వ వకీలు గారు నన్ను పక్కకి పిలిచారు. "చూడు మూలస్వామీ, ఈ జుట్టు మీదే కేసు నిలబడి ఉంది. అది పోతే కేసు పోతుంది. కేసు పోతే సన్నిబాబు మీసం తిప్పుకుంటూ బయటికొస్తాడు. అప్పుడు ఆ ఏసుపాదం భార్య మొహం చూడగలవా?"

వరండా చివర కరుణమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. అటు చూశాను. స్వామి ఎక్కడికీ పోడు, ఆయనకి పది యుగాల ఓపిక ఉంది, ముందు ఈ తల్లికి న్యాయం జరగాలి అనుకున్నాను. ఇంటికెళ్లి సంగతి చెబితే భ్రమరాంబ దేవుడి గూటి ముందు నిలబడి, "స్వామీ, ఈయన ఎగ్గొట్టే మనిషి కాదు. కోర్టు స్టే ఉంది. కాస్త ఓపిక పట్టు" అని విన్నవించింది.

స్వామి ఓపిక పట్టాడు. ఓపిక లేనిది మా ఇంట్లోనే. పాలు విరిగితే, "గుర్తు చేస్తున్నాడు" అనేది భ్రమరాంబ. ఫ్యాను తిరగకపోతే, "గుర్తు చేస్తున్నాడు." తనకి కాస్త కడుపునొప్పి వస్తే మాట్లాడకుండా నా జుట్టు వంక చూసేది. ఆ చూపుకి నాకు అన్నం సహించేది కాదు. ఆపరేషన్ గది ముందు బల్ల మళ్లీ కళ్లముందు కనబడేది.

నెలకోసారి సింహాద్రి తనిఖీకి వచ్చేవాడు. కొట్టుముందు స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టి, భూతద్దం పట్టుకుని తల చూసేవాడు. కొట్టుకి వచ్చిన ఆడవాళ్లు పేలు చూస్తున్నాడనుకుని, "మా పిల్లదానికి కూడా చూడండి హెడ్డుగారూ" అనేవారు.

రాలిన వెంట్రుకల సంగతి తేలడంతో వ్యవహారం ముదిరింది. మనిషన్నాక దువ్వుకుంటే నాలుగు రాలతాయి. కానీ అవి ప్రభుత్వ సొత్తు. రాలిన ప్రతిదాన్నీ కవరులో పెట్టి, ఇద్దరు పెద్దమనుషుల ఎదుట పంచనామా రాయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. దానంతట అది రాలితే సహజం. దువ్వెనకి చిక్కి రాలితే అనుమానాస్పదం. దిండుమీద దొరికినవాటి విషయంలో మా ఆవిడ వాంగ్మూలం తీసుకున్నారు.

"రాలిన సమయంలో మీరెక్కడున్నారు?" అని సింహాద్రి అడిగాడు.

"పక్కనే ఉన్నాను. నిద్రపోతున్నాను. లేచి చూసేసరికి పోయింది. ఏడవమంటారా?" అంది భ్రమరాంబ.

సింహాద్రి అది యథాతథంగా రాసుకున్నాడు.

తర్వాత జుట్టు నెరవడం మొదలైంది. సాక్ష్యాధారం రంగు మారుటకు గల కారణములను తెలుపవలసిందిగా నాకు తాఖీదు వచ్చింది. 'వయసు' అని ఒక్కమాట రాసి పంపాను. 'వయసు పెరుగుదల విషయమై తాము ముందస్తు అనుమతి పొందియుండలేదు. కావున సదరు కారణము ఆమోదయోగ్యము కాదు' అని జవాబొచ్చింది. నేనెంత ఆలోచించినా అనుమతి ఎవర్ని అడగాలో తోచలేదు. గుడిలో అడిగి చూశాను. అక్కడా జవాబు రాలేదు.

ఒక వేసవిలో, సన్నిబాబు మనుషులు నాకు గుండు గీయడానికి పన్నాగం పన్నుతున్నారని పుకారు లేచింది. సన్నిబాబుకి మనుషులే లేరు. వాళ్లమ్మ ఒక్కతే ఉంది, ఆమెకి చూపు ఆనదు. అయినా నా జుట్టుకి రక్షణ కావాలని తీర్మానించి తుపాకీతో ఒక కానిస్టేబుల్ని వేశారు. అతను నా వెనకే కొట్టుకీ, గుడికీ, నూతి దగ్గరికీ వచ్చేవాడు. నేను వంగితే అతనూ వంగేవాడు.

ఒకరోజు అడిగాను. "తుపాకీలో తూటాలున్నాయా నాయనా?"

"నిండా ఉన్నాయండీ."

"సొసైటీలో ఏసుపాదం తుపాకీకి లేవు."

"ఆయన కాపలా కాసింది మనుషుల్ని కదండీ. ఇది సాక్ష్యం" అన్నాడు, నాకు తెలియనందుకు జాలిపడుతూ.

ఈలోగా ఇన్‌స్పెక్టరు గారికి శాస్త్రీయ దర్యాప్తులో పతకం వచ్చి, ప్రమోషను వచ్చి, శిక్షణ ఇచ్చేవారి జాబితాలో చేరారు. ఒకసారి కొత్తగా చేరిన ఎస్సైలని బస్సులో మా కొట్టుకి తీసుకొచ్చారు. నేను ధనియాలు కట్టిస్తుంటే చుట్టూ నిలబడ్డారు. ఆయన బెత్తంతో నా తలమీద చూపిస్తూ, "తూటా ఇక్కడ ప్రవేశించింది, ఇక్కడ నిష్క్రమించింది. గమనించారా? మన పద్ధతి ఇప్పుడు అన్ని స్టేషన్లకీ పాకింది. పక్క సర్కిల్లో ఒక కొట్లాట కేసులో దెబ్బ తగిలిన గేదెని కొమ్ముతో సహా మూడేళ్లుగా అమ్మనివ్వలేదు" అని ఉత్సాహంగా చెప్పారు.

వెనక నిలబడ్డ ఒకమ్మాయి చెయ్యెత్తింది. "సార్, నిష్క్రమించి ఎవరికి తగిలింది?"

ఇన్‌స్పెక్టరు గారు చేతిలో కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పారు. "అది ఈ పాఠంలో రాదమ్మా."

నేను ఆ అమ్మాయికి పటికబెల్లం ముక్క ఒకటి ఇచ్చి, "ఏసుపాదం అనే ఆయనకి తల్లీ" అని చెప్పాను.

వాయిదాలు పడుతూనే ఉన్నాయి. సన్నిబాబు ప్రతి వాయిదాకీ బోనెక్కి, "అయ్యా, నేనే కాల్చాను, శిక్ష వేసెయ్యండి" అనేవాడు. "ప్రయోగశాల నివేదిక రాకుండా ముద్దాయి తొందరపడి ఒప్పుకోవడం తగదు" అని వాణ్ని మందలించి వెనక్కి పంపేవారు. వాడి వకీలు కూడా కసిరేవాడు. "నువ్వు నోరు మూసుకోవయ్యా. జుట్టుమీద నాకు బ్రహ్మాండమైన వాదన ఉంది."

ప్రయోగశాలకి ఏం పంపాలన్నదే తేలలేదు. చివరికి వాళ్లనుంచే ఉత్తరం వచ్చింది. 'జుట్టును వేరుచేయకుండా పరీక్షించవలెనన్నచో తలను పంపవలెను. అయితే పరీక్షానంతరం తలను తిరిగి అమర్చు సౌకర్యము మావద్ద లేదని తెలియజేయడమైనది.' ప్రభుత్వ వకీలు గారు ఆ ఉత్తరం చదివి, నా వంక చూసి, కాస్త ఆలోచించారు. ఆ ఆలోచన నాకు నచ్చలేదు.

వరండాలో బెంచీమీద నేనూ కరుణమ్మా కూర్చునేవాళ్లం. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండే చోట ఆయాగా చేరింది. వాయిదా రోజు సెలవు పెట్టుకుని వచ్చేది. సొసైటీ ఉద్యోగం, నష్టపరిహారం అన్నీ తీర్పు వచ్చాక చూద్దామన్నారట. ఏనాడూ నన్ను ఒక్కమాట అనలేదు. ఒకసారి మాత్రం లోపల గంటసేపు నా జుట్టు పొడుగు గురించి వాదించుకున్నాక బయటికొచ్చి అడిగింది.

"అన్నయ్యగారూ, లోపల మీ జుట్టు మాట ఇన్నిసార్లు అంటారు. మా ఆయన పేరు ఎవరూ ఎత్తరేంటండీ?"

నేను తలవంచుకున్నాను. జుట్టు కళ్లమీద పడింది. పక్కకి తోసుకుందామంటే మార్గానికి భంగం.

జడ్జీలు మారారు. నా జుట్టూ మారింది. నడినెత్తిన మొదలై ఊడిపోవడం పట్టుకుంది. భ్రమరాంబ తులసాకు రసం రుద్దుదామంటే అనుమతి దరఖాస్తు పెట్టాం. అనుమతి వచ్చేనాటికి రుద్దడానికి చోటే మిగిలింది, జుట్టు మిగల్లేదు. ఎవరికో అప్పు తీర్చాల్సిన సొమ్ము కళ్లముందే కరిగిపోతున్నట్టుండేది. స్వామికి ఏం మిగులుతుంది? కేసుకి ఏం మిగులుతుంది? పొద్దున్నే అద్దం ముందు నిలబడి గోవిందనామాలు చదువుకునేవాణ్ని, ఉన్నవైనా ఉంచమని.

అలాంటి రోజుల్లో కొత్త జడ్జి గారు వచ్చారు. ఆడమనిషి. మాట తక్కువ. మొదటి వాయిదాలోనే కేసు పిలిచారు. నేను బోనెక్కి తలపాగా తీశాను. కోర్టు హాల్లో అందరూ మెడలు సాచి చూశారు. చెవులచుట్టూ తెల్లటి అంచు, అందులో ఒక పాయకి వేలాడుతున్న అట్టముక్క, అంతే.

"తూటా మార్గం ఏది?" అని జడ్జి గారు అడిగారు.

"మొదట్లో కాలిబాటండి. తర్వాత బండిబాటైంది. ఇప్పుడు మొత్తం మైదానమేనండి."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సన్నిబాబు వకీలు మాత్రం లేచి గర్జించాడు. "మహాప్రభో! ప్రాసిక్యూషన్ వారి ఏకైక ఆధారం నశించింది. సాక్షి తన సొంత తలమీదే సాక్ష్యాన్ని మాయం చేశాడు. ముద్దాయిని విడుదల చేసి, సాక్షిమీద కేసు పెట్టాలి!"

ప్రభుత్వ వకీలు గారు కుర్చీలో కూలబడ్డారు. వెనక బెంచీలో కరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అటు స్వామికీ ఇవ్వలేదు, ఇటు ఈమెకీ దక్కలేదు, ఇన్నేళ్లూ ఎవరికోసం మోశాను ఈ బరువు అనిపించింది.

జడ్జి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "జుట్టు సంగతి అలా ఉంచండి. మూలస్వామి గారూ, ఆ రోజు ఏం జరిగింది?"

నాకు ఒక్కక్షణం అర్థం కాలేదు. ఆ ప్రశ్న ఆ కోర్టులో నన్నెవరూ అడగలేదు. నా జుట్టు పొడుగు అడిగారు, వాడే నూనె అడిగారు, మా నాన్నకి బట్టతల ఉందా అని అడిగారు.

"చెప్పమంటారా అండీ?"

"అందుకే పిలిచాం కదా."

చెప్పాను. పులిహోర మాట దగ్గరినుంచీ చెప్పాను. "ఏసుపాదం గారు ఖాళీ తుపాకీ పట్టుకుని లోపలికొచ్చారండి. వాడి చేతిలో పిస్తోలు చూశారు. తన దాంట్లో తూటాలు లేవని ఆయనకి తెలుసు. అయినా వచ్చారు. నా నెత్తిమీద చెయ్యేసి కిందికి నొక్కారు. నేను వంగాను కాబట్టి జుట్టుకి తగిలింది, లేకపోతే నుదుటికి తగిలేది. ఇన్నేళ్లూ అందరూ ఈ జుట్టుమీద తూటా దారే చూశారండి. తూటా కంటే ముందు దీనిమీద ఆయన చెయ్యి పడింది. అది ఎవరూ రాసుకోలేదు."

జడ్జి గారు రాసుకున్నారు. తల ఎత్తకుండా సన్నిబాబుని అడిగారు. "నువ్వేమైనా చెబుతావా?"

కుర్రాడిగా లోపలికెళ్లిన సన్నిబాబుకి కణతల దగ్గర నెరిసింది. "అదేనండి జరిగింది. మొదటినుంచీ అదే చెబుతున్నాను" అన్నాడు.

క్యాషియరూ, సంతలో వాణ్ని పట్టుకున్న ఇద్దరూ కూడా సాక్ష్యం చెప్పారు. బతికే ఉన్నారు, ఊళ్లోనే ఉన్నారు, ఎవరూ పిలవలేదు, అంతే. తీర్పు వచ్చింది. సన్నిబాబుకి యావజ్జీవ శిక్ష. ఏసుపాదం విధి నిర్వహణలో సాటి మనిషి ప్రాణం కాపాడుతూ చనిపోయాడని పేరుతో సహా రాశారు. ఆయన భార్యకి సొసైటీ ఉద్యోగం, పరిహారం ఇక వాయిదా వెయ్యకుండా ఇవ్వాలన్నారు. చిట్టచివర ఒక వాక్యం. 'సొత్తు నంబరు తొమ్మిదికి సాక్ష్య విలువ లేదు. అప్పీలు గడువు ముగిసిన పిమ్మట ధ్వంసం చేయవలెను.'

సన్నిబాబు అప్పీలు చెయ్యనన్నాడు. వాడి వకీలు ఇంకా బాధపడుతూనే ఉన్నాడు.

గడువు ముగిసిన పొద్దున సింహాద్రి వచ్చాడు. తనకీ రిటైర్మెంటు దగ్గరపడింది. అరుగుమీద కూర్చుని కాగితం తీశాడు. "మూలస్వామి గారూ, తొమ్మిదో నంబరు ధ్వంసం చెయ్యాలి."

"ఎలా చేస్తారు?"

"మామూలుగా అయితే స్టేషను వెనక పోసి కిరసనాయిలు వేసి..."

భ్రమరాంబ అట్లకాడతో బయటికొచ్చింది. "ఈయన నెత్తిన కిరసనాయిలు పోస్తావా? రా, ముందు నీ టోపీ కాలుద్దాం!"

"అబ్బే, మామూలుగా అన్నానమ్మా! ఈ కేసు మామూలుది కాదుగా. ఎలా ధ్వంసం చెయ్యాలో ఉత్తర్వులో రాయలేదు. నా కళ్లముందు పోతే చాలు. మీరెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

ఆ శనివారమే ముగ్గురం బస్సెక్కి ద్వారకా తిరుమల వెళ్లాం. కళ్యాణకట్టలో పీటమీద కూర్చున్నాను. క్షురకుడు నా తల చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏముందని బాబూ తియ్యడానికి?"

"ఉన్నదే తీసుకో నాయనా. చాలా కాలంగా దాచిపెట్టింది."

నీళ్లు చల్లాడు. కత్తి చెవి పక్కనుంచి చల్లగా పైకి నడిచింది. సీలు వేసిన పాయ అట్టముక్కతో సహా ఒళ్లో పడింది. సింహాద్రి కళ్లజోడు పెట్టుకుని పంచనామా రాసి, సాక్షి సంతకం చెయ్యమని క్షురకుడికి చదివి వినిపించాడు.

"ధ్వంసం అని రాశారేంటండీ? ఇక్కడ ధ్వంసాలు చెయ్యం. సమర్పిస్తాం" అని అతను సంతకం పెట్టనన్నాడు.

సింహాద్రి కలం కొరుకుతూ కొండవంక చూశాడు. పై అధికారి వంక చూసినట్టే చూశాడు. తర్వాత ఒక మాట కలిపి మళ్లీ చదివాడు. 'స్వామివారి సన్నిధిలో, వారికి ముట్టునట్లుగా, సంపూర్ణంగా ధ్వంసం చేయడమైనది.' అందరం సంతకాలు పెట్టాం.

దర్శనం వరసలో నా సందేహం మళ్లీ లేచింది. ఇచ్చింది ఎవరి జుట్టు? ప్రభుత్వం తనది తాను ధ్వంసం చేసుకున్నానంటుంది. స్వామి తనది తనకి వచ్చిందనుకుంటాడు. ఏడాదిపాటు నూనె రాసి పెంచినవాణ్ని నేను. ఒక్కసారి చెయ్యి వేసి దక్కించినవాడు వేరే. గర్భగుడి ముందుకి వచ్చేసరికి అడుగుదామనుకున్నవన్నీ మర్చిపోయి, "తక్కువైంది స్వామీ, ఏమనుకోకు" అన్నాను. ఆయన కిరీటం కదలకుండా నిలబడ్డాడు. ఆయనకీ ఒకప్పుడు ఊడింది కదా, అర్థమై ఉంటుంది. భ్రమరాంబ పక్కన నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి ఎన్నాళ్లుగా బిగపట్టిందో నాకు తెలుసు.

కిందికి దిగుతూ ప్రసాదాల దగ్గర ఒక పులిహోర పొట్లం తీసుకున్నాను.

ఊరు చేరగానే ఇంటికి పోకుండా కరుణమ్మ వాళ్ల వీధికి వెళ్లాను. ఆమె గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. నా గుండు చూసి లేచి నిలబడింది. లోపల గోడమీద ఏసుపాదం ఫొటో. తాటిచెట్టంత మనిషి ఆ చిన్న చట్రంలో ఎలా పట్టాడో మరి.

"ఇది నేను ఆయనకి పడ్డ బాకీ అమ్మా. చాలా ఆలస్యమైంది" అని పొట్లం అందించాను.

తీసుకుంది. విప్పలేదు. చేతిలో పట్టుకునే అడిగింది. "ఎక్కడ వేశాడండీ చెయ్యి?"

నేను వంగి నడినెత్తిమీద వేలుపెట్టి చూపించాను. ఆమె దగ్గరికొచ్చి చూసింది. భూతద్దాలూ టేపులూ పెట్టి ఇంతమంది చూసిన తలే. ఎవరూ అంతసేపు చూడలేదు.

తర్వాత లోపలికెళ్లి, పొట్లం విప్పి ఫొటో కింద బల్లమీద పెట్టింది. ప్రసాదం ముట్టదని నాకు తెలుసు కాబట్టి వెళ్లొస్తానని గుమ్మం దిగబోయాను. వెనక్కి తిరిగి చూసేసరికి నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని నములుతోంది.

"కారం చాలలేదండీ అన్నయ్యగారూ," అంది ఫొటో వంక చూస్తూ. "ఆయనుంటే మిమ్మల్ని ఇంకోటి తెమ్మని పంపేవాడు."